వెనక చక్రాల మీద పెద్దమనిషి

మా ఆడపడుచు సింహాచలమ్మ వదిన చేతిలో స్టీరింగు ఉన్నంతసేపూ ఆవిడతో వాదించకూడదు. దిగాక కూడా వాదించకూడదనుకోండి, అది వేరే సంగతి. రంగూన్‌లో బోటాటౌంగ్ రేవు గిడ్డంగుల నుంచి బియ్యం, ఉల్లిపాయలు ఎత్తుకుని ఇన్సేన్ కొట్లకు చేరవేసే పికప్ బండి ఆవిడది. భర్తకు చూపు మందగించాక బండి అమ్మెయ్యమని చెప్పని మనిషి లేడు. ఆవిడ అందరి మాటా విని, తాళాలు తీసుకుని, తనే ఎక్కి కూర్చుంది. ఇప్పుడు రేవులో బర్మా కూలీలు ‘డో సిమ్మా’, అంటే సిమ్మా అమ్మగారూ అని గౌరవంగా పిలిచి దారి ఇస్తారు.

బండి జపాన్‌లో మంచు కురిసే ఊరి నుంచి దిగిన పాత సరుకు. ఇంజను ముందుంటుంది, తోసేవి వెనక చక్రాలు. వెనక బరువు లేకపోతే తడి నేల మీద ఈ జాతి బండి తోక ఝాడిస్తుంది. మెకానిక్ ఊ టిన్ మాంగ్ వయసులో ఉండగా ఆ దేశంలో మంచు మీద ఇలాంటి బండే నడిపాడట. గడ్డకట్టిన మంచైనా మన రంగూన్ ఎర్రబురదైనా మంత్రం ఒకటేనని వదినకు నేర్పాడు. వెనక బరువుండాలి, జారినప్పుడు బ్రేకు తొక్కకూడదు, యాక్సిలరేటరు మీద కాలు పసిపిల్లను జోకొట్టినట్టు ఆడాలి. అందుకే వానలు మొదలయ్యాయంటే వదిన వెనక ఇరుసు మీదికి రెండు బియ్యం బస్తాలు ఎక్కించి, కార్తీకం దాకా దింపదు.

మా అమ్మాయి మల్లిక పెళ్ళి శ్రావణంలో కుదిరింది. వానాకాలపు వ్రతం నెలల్లో బర్మా వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకోరు కనక బోటాటౌంగ్‌లో మంచి హాలు అడగ్గానే దొరికింది. మా ఇల్లేమో ఇన్సేన్‌లో పల్లపు సందులో. పిల్లను తన బండిలోనే తీసుకెళ్తానని మేనత్తగా వదిన పట్టుబట్టింది. మగపెళ్ళివారికది మింగుడు పడలేదు. నడిపేది ఆడమనిషి, అందులోనూ సరుకుల బండి! పెళ్ళికొడుకు మేనమామ వాసుదేవరావుగారు, నిండైన విగ్రహం, దగ్గరుండి తీసుకెళ్తానంటూ పొద్దున్నే దిగబడ్డారు. రాత్రంతా వాన. పెళ్ళికొడుకు ఓడ ఉద్యోగి. ఈ ముహూర్తం దాటిందా, అతను ఓడెక్కేలోపు మరొకటి లేదు.

పెద్దమనిషిని ముందు కూర్చోబెట్టడం మర్యాద కదా. ఆయన పక్కన మా ఆయన. వెనక పూలబుట్టల మధ్య మల్లిక, నేను, ఈకల్లాంటి ఇద్దరు పిల్లలు. సందు చివర ఎర్రమట్టి ఎక్కుడు సగం ఎక్కామో లేదో, వెనక చక్రాలు గిర్రున తిరిగి బండి తోక కాలవ వైపు జారింది. నేను పిల్లల్ని ఒడిసి పట్టుకున్నాను. వదిన బ్రేకు జోలికి పోలేదు. కాలు తేల్చి, తోక ఎటు పోతే అటే స్టీరింగు తిప్పి, మెల్లగా జారనిచ్చి చదునులో నిలబెట్టింది.

దిగి వెనక్కి వచ్చి పూలబుట్టలు తప్పించి చూస్తే బస్తాల్లేవు. పెళ్ళికూతురి బండిలో బియ్యం బస్తాలేమిటని మా ఆయన ముందురోజే వాటిని హాలుకు పంపేశారట. ఈపాటికి పులిహోర అయిపోయుంటాయని నసిగారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

వదిన చూపు ముందు సీట్లో ఉన్న వాసుదేవరావుగారి మీద ఆగింది. ఆవిడ ఏమనబోతోందో అర్థమై కొంగు పట్టి లాగాను. ఆడపెళ్ళివారం మేము, వాళ్ళ పెద్దను సరుకులా వెనక పడెయ్యడమా! ఆవిడ వింటేగా.

“తప్పుగా అనుకోకండి అన్నయ్యగోరూ. ముందు బరువెక్కువైపోనాది, ఎనక పట్టు లేదు. మీరు ఎనక చక్రం మీద కూకుంటేనే పిల్ల పెళ్ళిపీటల మీద కూకుంటాది.”

ఆయన ముఖం కందగడ్డ అయింది. మల్లిక పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని బురదలోకి దిగి, ముందు తలుపు దగ్గరకెళ్ళి, ఆయన దిగడానికి ఆసరాగా చెయ్యి చాచింది. బురదలో దిగబడిన ఆ పిల్ల కాళ్ళకేసి చూసి, ఆ చెయ్యి పట్టుకుని దిగారాయన.

మల్లిక ముందు కూర్చుంది. వెనక ఒక చక్రం మీద వాసుదేవరావుగారు, రెండో చక్రం మీద మా ఆయన, మా ఒళ్ళో బుట్టలు. వదిన రెండో గేరులో కాలు మెత్తగా ఆనించింది. బండి మట్టిని పట్టుకుని కదిలింది. ఎక్కుడు సగానికి వచ్చేసరికి అందరినీ ఇంకా వెనక్కి జరగమని కేకలేస్తున్నది ఆయనే. పెద్దరోడ్డెక్కాక ఇక ముందుకు రమ్మంటే ఒప్పుకోలేదు. తను లేస్తే బండి జారదని ఎవరు పూచీ అని మమ్మల్నే దబాయించారు. దారంతా నవ్వీ నవ్వీ నా కడుపు నొప్పెట్టింది.

హాలు గుమ్మంలో మగపెళ్ళివారు నోళ్ళు తెరిచారు. ముందు సీట్లో రాణిలా పెళ్ళికూతురు, వెనక తడిసిన పంచెతో పూలబుట్ట పట్టుకుని తమ పెద్దాయన! ముహూర్తానికి ఇంకా వ్యవధి ఉంది.

పురోహితుడు పెళ్ళికూతుర్ని మండపానికి తీసుకురమ్మని పిల్ల మేనమామను పిలిచాడు. నాకు అన్నదమ్ములు లేరు. ఎవరో దూరపు బంధువును లేపబోతుంటే వాసుదేవరావుగారు అడ్డుపడ్డారు.

“ఆ ఎర్రబురదలోంచి పిల్లని తెచ్చింది ఆవిడ. ఈ నాలుగడుగులకీ మళ్ళీ ఇంకో మనిషేటి? ఆవిణ్ణే తేనీండి.”

వదిన చేతులకింకా బురద ఉంది. గబగబా కొంగుకు తుడుచుకుని మల్లిక చెయ్యి పట్టుకుంది. రేవంతా దద్దరిల్లేలా అరిచే మనిషి ఆ నాలుగడుగులూ యాక్సిలరేటరు మీద కాలు ఆనించినంత మెత్తగా వేసింది.