మామ ఎద్దులకు నేను చెప్పిన లెక్క

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో ఏదీ ఉండేది కాదు. తెలియనివన్నీ ఆ తరవాత ఒక్కొక్కటే వచ్చి చేరాయి. కర్నూలులో ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో చేరి, మెకానిక్స్‌లో నాలుగు పాఠాలు వినేసరికి, నా కంటికి మనుషులూ వస్తువులూ మాయమై అన్నీ బ్లాకులూ బాణాలూ అయిపోయాయి. బస్సు బ్రేకు వేసినప్పుడు నా పక్కన ముందుకు తూలిన ముసలమ్మకు జడత్వం అంటే ఏమిటో వివరించబోయాను (ఆమె "అది సరేగానీ, నా కాలు మీంద నుంచి నీ కాలు తీయప్పా ముందు" అంది). కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నాకు పొద్దే కాదు, ఎదుటివాళ్ళ ఓపిక కూడా తెలిసేది కాదు. హాస్టల్లో నా మాటలు వినేవాళ్ళు తగ్గిపోయిన సమయంలో తిరుణాల వచ్చింది, నేను మా మేనమామ ఊరికి బయలుదేరాను. ఆ ఊళ్ళో నా మాట వినేవాడు ఒకడున్నాడు, మా మామే.

మామది కోడుమూరు దగ్గర ఒక పల్లె. ఆయన దగ్గర ఒక జత ఒంగోలు ఎద్దులుండేవి. వాటి పేర్లు పెద్దోడు, చిన్నోడు. ఊళ్ళో అందరి సేద్యమూ ట్రాక్టర్లతోనే నడుస్తోంది, మామది కూడా. ఈ ఇద్దరూ కేవలం తిరుణాలలో బండ లాగడానికే ఉన్నారు. మిగతా ఏడాదంతా ఉలవలు తిని, ఈతలు కొట్టి, మామతో కబుర్లు చెప్పించుకుంటూ అల్లుళ్ళలా బతికేవారు (అసలు అల్లుణ్ణయిన నాకు ఆ మర్యాదలో సగం కూడా జరగలేదు). ఇంత చేసినా ఏ తిరుణాలలోనూ వాళ్ళకు మొదటి బహుమతి రాలేదు. ప్రతిసారీ నందికొట్కూరు వైపు జత ఒకటి వచ్చి గెలుచుకుపోయేది. దాంతో అత్తకు విసుగొచ్చింది. "ఈ తూరి గెలిస్తే ఉంచుకుందాం. గెలవకపోతే మాత్రం అమ్మేయాల్సిందే. మేపే ఓపిక నాకు ల్యా" అని తేల్చి చెప్పింది. మామ తల ఊపాడు. కమలాపురం నుంచి ఒక పెద్దాయన అప్పటికే వచ్చి ఎద్దుల పళ్ళూ గిట్టలూ చూసుకుని, "లాగుడు కూడా సూసి, మీరు ఇస్తామంటే తోలుకుపోతా" అని బంధువుల ఇంట్లో దిగి ఉన్నాడు.

నేను వెళ్ళేసరికి మామ గాటి దగ్గర కూర్చుని చిన్నోడి గంగడోలు నిమురుతున్నాడు. నన్ను చూసి, "రారా అల్లుడా, వీళ్ళు ఈడ ఇంక రెండు దినాలే ఉంటారేమో" అన్నాడు. ఆ గొంతు విని నాకు నిజంగా బాధ కలిగింది. ఆ బాధలోంచే నా విద్య బయటికి తన్నుకొచ్చింది. చాటలో ఉలవలు చదును చేసి, వేలితో బండ గీశాను, కాడి గీశాను, మధ్యన రెంటినీ కలిపే మోకు తాడు గీశాను. "మామా, మోకు పొడుగ్గా ఉంటే లాగే బలమంతా నేలబారున పోతుంది. అదే కురచ చేస్తే కాడి నుంచి బండకు ఏటవాలుగా దిగుతుంది. అప్పుడు ఎద్దులు బండను ముందుకు లాగడమే కాదు, కొంచెం పైకి కూడా లేపుతాయి. బండ నేల మీద ఆనే బరువు తగ్గుతుంది, రాపిడి తగ్గుతుంది" అన్నాను. మామ ఆ ఉలవల వంక చాలాసేపు చూశాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్నట్టు, "మన ఇంజనీరు చెప్పినాక ఇంకేముండాది? కురచ చేద్దాం" అన్నాడు. ఇంట్లోంచి అత్త, "చదవేస్తే ఉన్న మతి పోయిందంట. ముందు ఆ ఉలవలు నానబెట్టల్ల, ఇట్లియ్యి" అని చాట లాక్కుపోయింది. మా లెక్క నీళ్ళలో నానిపోయింది కానీ మామ మనసులో మాత్రం నిలిచిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నా లెక్క తప్పు కాదు. ఇవాళ్టికీ ఎవరితోనైనా వాదించగలను. కాకపోతే ఆ లెక్క బండ తిన్నగా పోయినంతసేపే. మా పోటీల్లో బండ తిన్నగా పోయి ఊరుకోదు. బరి చివరిదాకా లాగిన జత అక్కడ వెనక్కి తిరిగి మళ్ళీ ఇవతలికి లాగాలి, ఇచ్చిన సమయంలో ఎంత దూరం లాగితే అంత. ఆ తిరగడం గురించి నేను ఆలోచించలేదు. ఎందుకంటే రొటేషన్ అధ్యాయం మాకింకా మొదలు కాలేదు.

తిరుణాల నాడు బరికి రెండు వైపులా జనం కిక్కిరిసిపోయారు. బరి చివర, జతలు తిరిగే మలుపు దగ్గరే పెద్దమనుషులకని షామియానా వేశారు. అందులో ముందు వరసలో కమలాపురం పెద్దాయన తెల్ల పంచె, భుజాన జరీ కండువాతో కూర్చుని సోడా తాగుతున్నాడు. అత్త ఆడవాళ్ళ వైపు నిలబడి ఉంది, చూడననుకుంటూనే మెడ సాచి చూస్తోంది. చెర్నాకోల పట్టకూడదని మైకులో పదే పదే చెప్పారు (మామకు ఆ హెచ్చరిక అక్కర్లేదు, ఆయన వాటి మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు). మా జత వంతు వచ్చింది. మోకు కురచగా కట్టాం. ఈల మోగింది. "హోయ్, పెద్దోడా!" అన్నాడు మామ. అంతే, బండ కదిలింది. కదలడం కాదు, పరిగెత్తింది. మైకాయన గొంతు పగిలేలా అరిచాడు: "సూడండప్పా సూడండి, కోడుమూరు జతకు బండ బెల్లం ముక్క మాదిరి వస్తాండాది!" నేను పక్కనున్న ఎవరో తెలియని ఆయన్ను పట్టుకుని, "అది నా లెక్క! నా లెక్క!" అని ఊపేశాను.

బండ అంత తేలిగ్గా రావడానికి సగం కారణం నా లెక్కే. మిగతా సగం నాకు ఆ తరవాత అర్థమైంది. మోకు కురచ కావడంతో ఆ బండ ఎద్దుల కాళ్ళ వెనకే గరగరమంటూ తరుముకొస్తోంది. ఇన్నేళ్ళలో అంత దగ్గరగా ఆ చప్పుడు వాళ్ళెప్పుడూ వినలేదు. పెద్దోడూ చిన్నోడూ లాగడం మానేసి పారిపోతున్నారు. మలుపు దగ్గర పొడుగు మోకుంటే ఎద్దులు ముందు తిరిగి, బండ వెనకాలే నిదానంగా తిరిగేది. కురచ మోకుకు ఆ నిదానం ఎక్కడిది? ఎద్దులు తిరగ్గానే బండ ముందు కొస వాటితోపాటు గిరుక్కున తిరిగింది, వెనక కొస బరి దాటి బయటికి ఊడ్చుకుంటూ పోయింది. పోయి, షామియానా తాడు కట్టిన గూటానికి తగిలింది. గూటం ఊడింది. ఢీకొనడం, తిరగడం, సమతుల్యం తప్పడం, మూడు అధ్యాయాలు నా కళ్ళ ముందే ఒక దాని వెనక ఒకటి జరిగిపోయాయి. షామియానా మాత్రం తొందరపడలేదు. ఒక వైపు వాలి, కాసేపు ఆలోచించి, పెద్దమనుషులందరి మీదా దుప్పటిలా మెల్లగా పరుచుకుంది.

నేను షామియానా వైపు పరిగెత్తాను. గుడ్డ కింద తలకాయలు గుమ్మడికాయల్లా అటూ ఇటూ కదులుతున్నాయి. ఒక్కొక్కరే పాక్కుంటూ బయటికొచ్చారు. ఎవరికీ గీత కూడా పడలేదు, ఒలికింది సోడాలే. అప్పటికి ఊపిరి తీసుకున్నాను. ఎద్దులేమో మామ గొంతు వినగానే ఆగి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాయి. అందరికంటే చివర కమలాపురం పెద్దాయన తల బయటపెట్టాడు. సరిగ్గా చిన్నోడి మూతి ముందు. చిన్నోడు ఆయన నెత్తిని ఒకసారి వాసన చూసి, ఆప్యాయంగా నాకాడు. ఈలోగా మైకులో, "కోడుమూరు జత బరి దాటినందున లెక్కలోకి రాదు" అని చెప్పారు. మామ ముఖం వాడిపోయింది. అన్న మాట ప్రకారం ఎద్దులు ఇక ఆయనవి కావు. నా వల్లే కదా అనుకుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మామ పగ్గాలు చేత పట్టుకుని పెద్దాయన ముందుకు వెళ్ళి, "తోలుకుపో అన్నా, మాటంటే మాటే" అన్నాడు.

పెద్దాయన రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకొద్దప్పా! ఏం ఎద్దులప్పా ఇవి? ఊరికి ఊరినే కప్పెడతాండాయి! వీటిని తోలుకుపోతే మా ఇంటి పైకప్పు నిలుస్తాదా?" అని కండువా కూడా వెతుక్కోకుండా వెళ్ళిపోయాడు. మామ పగ్గాలు మళ్ళీ చేతికి చుట్టుకున్నాడు. అత్త జనాన్ని తోసుకుంటూ వచ్చింది. నన్ను తిడుతుందని చెవులు మూసుకోబోయాను. ఆమె పెద్దోడి మెడ పట్టుకుని, "పీడ ఇరగడైపోయె, యాడికీ పోవద్దు నాయనా" అని వలవలా ఏడ్చేసింది. మేపే ఓపిక లేదన్న మనిషి! ఆ సాయంత్రం వాళ్ళిద్దరికీ ఉలవల గుగ్గిళ్ళు రెండింతలు పడ్డాయి. నాకు కూడా ఒక గిన్నెడు పెట్టి, "తినరా ఇంజనీరూ, నీ లెక్క మంచికే తప్పినాది" అంది. లెక్క తప్పలేదని చెప్పబోయి, ఎందుకో ఆ ఒక్కసారికి ఊరుకున్నాను. అమ్మే మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు. పెద్దోడూ చిన్నోడూ అదే గాటి దగ్గర ముసలివాళ్ళై, మామ చేతి మీదుగానే పోయారు.

ఇప్పుడు నేను కడపలో ఒక కాలేజీలో అదే మెకానిక్స్ చెబుతున్నాను. తెలిసిన సంగతులు కూడా ఒకటికి రెండుసార్లు చూసుకుని చెప్పే వయసొచ్చింది. చాటలో ఉలవల మీద వేలితో గీసి, గుడ్డిగా నమ్మేసిన ఆ పిల్లవాడు గుర్తొస్తే సిగ్గుకంటే అసూయే ఎక్కువ కలుగుతుంది. అంత నమ్మకంగా నేను మళ్ళీ ఏ లెక్కా చేయలేదు, నన్ను అంతగా ఇంకెవరూ నమ్మలేదు. మొన్న బోర్డు మీద బ్లాకు గీసి, దాన్ని ఏటవాలుగా లాగే బాణం గీశాను. వెనక బెంచీ నుంచి ఒకడు, "సార్, ఆ బ్లాకును ఎవరు లాగుతాండారు సార్?" అని అడిగాడు. తరగతి గొల్లుమంది. నేను వాళ్ళవైపు తిరగలేదు. సుద్దముక్కతో బాణం చివర మెల్లగా రెండు జతల కొమ్ములు గీశాను.