వదిన గుండీల డబ్బా

మా వదినది దర్జీ బుర్ర. చొక్కా బిగుతైతే లోపలి కుట్టు విప్పి వదులు చేస్తుంది, వదులైతే ఓ మడత లోపలికి తోస్తుంది. సరిచెయ్యలేనిదంటూ లోకంలో ఏదీ లేదని ఆవిడ నమ్మకం.

కుట్టు శిక్షణ కేంద్రంలో ఆవిడ పదకొండేళ్లుగా సహాయకురాలు. కత్తిరింపు నేర్పేది ఆవిడ, పేరు టీచరుది. ఆ టీచరు ఈ ఏడు రిటైరవుతోంది. ఆ ఉద్యోగానికి పదో తరగతి పాసై ఉండాలి. వదిన మిగతావన్నీ గట్టెక్కి, సైన్సులో రెండుసార్లు బోల్తా పడింది. ఈసారీ తప్పితే, ఆవిడ దగ్గర సూదిలో దారం ఎక్కించడం నేర్చుకున్న పిల్లే టీచరై కూర్చుంటుంది.

"మేడమ్ అని పిలవమంటే పిలుస్తాను గానీ, అది వంకరగా కత్తిరిస్తుంటే చూస్తూ ఊరుకోలేనమ్మా" అంది వదిన.

అన్నయ్య ఆవిణ్ణి నాకు అంటగట్టాడు. నేను ట్యూషన్లు చెబుతాను. ఓపిక తక్కువ, నోరు ఎక్కువ.

మొదటిరోజు H₂ + O₂ → H₂O రాసి, రెండు పక్కలా లెక్క సమానం చెయ్యమన్నాను. ఎడమన ఆక్సిజన్లు రెండు, కుడిన ఒకటి. వదిన రెండో ఆలోచన లేకుండా కుడిపక్క O కింద చిన్న రెండు తగిలించి పెన్ను కింద పెట్టేసింది.

"అది నీళ్లు కాదు వదినా, పుళ్లు కడిగే మందు! లోపలి అంకె ముట్టుకోకూడదు, ఫార్ములాకి ముందు పెద్ద అంకె వెయ్యాలి."

"తక్కువైంది, కలిపాను. తప్పేంటి?"

నాలుగు రోజులు ఇదే వరస. నాలుగోరోజు విసుగెత్తి పుస్తకం విసిరేశాను. వదిన లేచి వెళ్లి దాన్ని తెచ్చి, అదే పేజీ తెరిచి నా ముందు పెట్టింది. "మళ్లీ చెప్పు" అంది. నాకు సిగ్గేసింది.

మర్నాడు గుండీల డబ్బాతో వచ్చింది. రెండేసి నల్ల గుండీలు, రెండేసి తెల్ల గుండీలు దారంతో కలిపి కుట్టేసింది.

"నల్లవి ఆక్సిజన్, తెల్లవి హైడ్రోజన్. ఆక్సిజన్ జతగానే దొరుకుతుందా? విడిగా ఒక్కటి ఇవ్వరా?"

"ఇవ్వరు."

"మొండి కొట్టువాళ్లే." నల్ల జత విప్పి, ఒక గుండీకి రెండు తెల్లవి కుట్టి నీళ్లు తయారుచేసింది. ఒక నల్లది మిగిలింది. దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత ఇంకో తెల్ల జత తీసి రెండో నీళ్లు కుట్టింది. బల్లమీద ఏమీ మిగల్లేదు.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఇది ఆల్టరేషన్ కాదు, ఆర్డరు! చొక్కా కొలత మార్చకూడదు, ఎన్ని చొక్కాలో చూసుకోవాలి. ముందే చెప్పొచ్చుగా?"

నేను చెప్పింది అదే. అయినా ఇంకో సమీకరణం రాసిచ్చాను.

పరీక్షలో ఇనుము తుప్పు పట్టే సమీకరణం వచ్చింది, రెండు మార్కులకి. ఎడమన రెండు ఆక్సిజన్లు, కుడిన మూడు. ఆ మూడుని రెండు చేసెయ్యాలని చెయ్యి లాగిందిట. ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని, గుండీలు తలుచుకుని, తుప్పు ముందు రెండు, ఆక్సిజన్ ముందు మూడు, ఇనుము ముందు నాలుగు వేసిందిట.

పాసవడానికి ముప్పై అయిదు కావాలి. వదినకి ముప్పై ఆరు వచ్చాయి.

ఉద్యోగం దరఖాస్తు మా ఇంట్లోనే నింపింది. విద్యార్హత అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. "పదకొండేళ్లుగా ఏ కాగితం నింపినా ఇక్కడ గీతే గీశాను" అంది. మెల్లగా, ఒక్కో అక్షరం కుట్టినట్టుగా, పదో తరగతి అని రాసింది. నాకు ఏడుపు ఆగలేదు.

"కాగితం తడపకు, మళ్లీ రాయాలి" అని కసిరింది వదిన.