ఊదా చుక్క

జహీరాబాద్ బస్టాండు వెనక వీధిలోని మ్యాచింగ్ సెంటర్‌కు వచ్చే ఆడవాళ్లకు దుకాణం పేరు కన్నా త్రివేణి పేరే బాగా తెలుసు. జాకెట్టు గుడ్డను ఎండలోకి తీసుకెళ్లి చూసే అలవాటు ఆమెకు లేదు. చీర అంచు ఒక్కసారి చూసి, స్టూలెక్కి, అరలోంచి సరైన గుడ్డ లాగేది. వంకాయ రంగుకూ నేరేడు రంగుకూ తేడా తెలియనివాళ్లంటే ఆమెకు చులకన. "అవి కండ్లా, గుండీలా?" అని ముఖం మీదే అనేది. కోహీర్ నుంచి వచ్చిన ఒక కొత్త పెళ్లికూతురు ఆ మాటకు దుకాణంలోనే ఏడ్చింది. యజమానురాలు కృష్ణవేణి చూసీ చూడనట్టు ఊరుకుంది. అంత చూపున్న మనిషి మళ్లీ దొరకదని ఆమె లెక్క. నిజానికి ఆ చూపంతా కుడికన్నుదే. ఎడమకన్ను చిన్నప్పటి నుంచీ మసక. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

మరిది విరూపాక్ష పెళ్లిళ్లకు లైటింగు పెడతాడు. చిరాగ్‌పల్లిలో ఒక పెళ్లివారు స్టేజీ మీద నీలం కిరణాలు కావాలంటే, చేతిలో పట్టుకునే లేజర్లు నీలం అనుకొని కొనుక్కెళ్లాడు. తీరా అవి ఊదావి. కిరణమే సరిగా కనపడలేదు. ఊరంతా నవ్వింది. అందుకే ఈసారి కొనేటప్పుడు వదినను వెంటబెట్టుకొని, మధ్యాహ్నంపూట మెయిన్ రోడ్డు మీది ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెళ్లాడు.

దుకాణదారు విజయ్ రెండు నల్లటి లేజర్లు ముందు పెట్టాడు. "రెండూ నీలమే అక్కా. ఫికర్ చెయ్యకు."

త్రివేణి గోడ మీద రెండు చుక్కలూ వేయించింది. ఒకటి కళ్లు జిగేలుమనేలా, అంచు తెగినట్టు స్పష్టంగా ఉంది. రెండోది మసకగా, అంచులు చెదిరిపోయి ఉంది. ఫంక్షన్ హాల్లో ఊదా లైట్ల కింద తెల్లచొక్కాలు మెరవడం ఆమె ఇదివరకు చూసింది. "జర నీ రుమాలు ఇయ్యి," అంది విజయ్‌తో. ఉతికిన తెల్లరుమాలు మీద మొదటి చుక్క నీలంగానే నిలిచింది. రెండోది పడగానే గుడ్డ తెల్లటి నీలివెలుగుతో భగ్గుమని మెరిసింది.

"ఇది ఊదా. నీలమైతే గుడ్డ గిట్ల మెరువది. ఇంకోసారి తెల్లరుమాలు జేబుల వెట్టుకొని పో విరూపాక్షా. గుడ్డోని లెక్క నన్ను పట్టుకొని తిరుగకు."

దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. విరూపాక్ష ముఖం మాడింది. మసకగా వెలిగే ఆ లేజర్ చేతిలోకి తీసుకున్నాడు.

"గింత గుడ్డిదీపం ఎవనికి కావాలె? చూడు వదినె," అంటూ మీట నొక్కి ఆమె ముఖం మీదికి తిప్పాడు.

త్రివేణి తల తిప్పుకోలేదు. మసకగా ఉన్నదానికి బలం ఉండదనే ఆమె కూడా అనుకుంది. మరిది ముందు బెదరడం ఇష్టంలేక సూటిగా చూసింది.

నొప్పేమీ లేదు. ఇంటికొచ్చాక గోడమీది క్యాలెండర్ చూస్తే, ఏ అంకె చూడబోతే ఆ అంకె మీద బూడిదరంగు చుక్క ఒకటి కూర్చుంది. చూపు ఎటు తిప్పితే చుక్క అటే వచ్చింది.

హైదరాబాద్‌లో కంటి డాక్టరమ్మ మెత్తగానే చెప్పింది. "ఊదా వెలుగు మన కంటికి తక్కువగా కనిపిస్తుందమ్మా. దాని వేడి మాత్రం తక్కువ కాదు. కుడికంట్లో చూపు నడిమధ్యలో కాలింది. దీనికి మందు లేదు."

"ఆమెనే చూసింది," అన్నాడు విరూపాక్ష ఇంట్లో. "గంత చిన్న వెలుతురుకు కండ్లు వోతయా? పనికి పోబుద్ధిగాక నాటకాలు." అత్త నారమ్మ చిన్నకొడుకు మాటే నమ్మింది. భర్త రామ్‌కిషన్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చి, అంతా విని, స్నానానికి వెళ్లిపోయాడు.

త్రివేణి మళ్లీ పనికి వెళ్లింది. ఆమె లాగిన గుడ్డను ఆడవాళ్లు బయటికి తీసుకెళ్లి ఎండలో చూడసాగారు. "ముదురాకుపచ్చ అడిగితే నలుపు ఇచ్చినవ్. అవి కండ్లా, గుండీలా?" అని ఒకామె నవ్వింది. కృష్ణవేణి ఆమెను పక్కకు పిలిచింది. "కొన్నాళ్లు ఇంటిదగ్గరే ఉండు త్రివేణీ. పెళ్లిళ్ల రోజులు కదా, వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లిపోతున్నారు." మర్నాటికి ఆ స్టూలు మీద వేరే అమ్మాయి ఉంది.

ఆదివారం అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు విరూపాక్ష కొత్త లేజర్ ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "నీలమా, ఊదానా? చెప్పు వదినె. నీకు ఎరుకే గదా," అని నవ్వాడు.

త్రివేణి తడుముకొని దాన్ని అందుకుంది. మీట మీద వేలు పెట్టి, గొంతు వినిపించిన దిక్కుకు చాపింది.

విరూపాక్ష రెండు చేతులతో కళ్లు మూసుకొని వెనక్కి పడ్డాడు. కంచం బోర్లా పడింది. "వద్దు వదినె, వద్దు, నీ కాళ్లు మొక్కుత."

ఆమె మీట నొక్కలేదు. లేజర్ కింద పెట్టేసింది.

"చిన్నోన్ని గిట్ల బెదిరిస్తవా?" అని నారమ్మ కసిరి, చెదిరిన మెతుకులు ఎత్తసాగింది.

త్రివేణి భర్త వైపు తిరిగింది. "నువ్వు చూసినవు గదా. దీంతోని కండ్లు వోతయని వానికి ఎరుకే."

"పప్పు ఎయ్యి," అన్నాడు రామ్‌కిషన్.

ఆమె గరిటెతో పోసిన పప్పు కంచం పక్కన చాప మీద పడింది. అతను కంచం అటు జరిపి, మళ్లీ వెయ్యమన్నాడు.