తువ్వాలు వేయని మేస్త్రి

మా మేస్త్రి గారు పోయారు. గురువారం పొద్దున ఆరుంబావుకి, తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం నిలబడి ఉండగా ఆయన అల్లుడి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"మామయ్య లేరన్నా. తెల్లారగట్ల గుండెల్లో నొప్పన్నారు. ఆటో వచ్చేలోపే అయిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా తీసుకెళ్ళిపోదాం అంటున్నారు పెద్దవాళ్ళు."

"ఆఁ" అన్నాను. ఇంకేమన్నానో గుర్తులేదు. నా పక్కన నా మనుషులు నలుగురు సమ్మెటలు, తట్టలు పట్టుకుని ఉన్నారు. బండి వచ్చింది. ఎక్కేశాం. చావు కబురు విని కూడా ఆ బండి ఎందుకెక్కావయ్యా అని మీరు అడగొచ్చు. ఈ వారం రోజులుగా నన్ను నేను కూడా అదే అడుగుతున్నాను. జవాబు చెప్పాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి.

ఆయన నాకు చుట్టం కాదు. బాబాయ్ అని పిలిచేవాణ్ణి, ఆయన భార్యని పిన్ని అని. నా జెరాక్స్ షాపు మూతపడ్డాక, ముప్పై రెండేళ్ళ వయసులో, ఏ పనీ చేతకాకుండా ఆయన దగ్గరికి చేరాను. నా చేతులు ఇటు తిప్పీ అటు తిప్పీ చూశారు. "తాపీ పట్టే చెయ్యి కాదబ్బాయ్ ఇది. మాటలు మాత్రం బాగానే వచ్చు నీకు. వాటిని కాస్త తగ్గించుకో, మిగతాది నేను నేర్పుతా" అన్నారు. పని నేర్పారు. మాటలు తగ్గించుకోవడం మాత్రం నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మేము చేసేవన్నీ చిన్న పనులు. ప్రహరీ గోడలు, బాత్రూములు, కారిపోయే డాబాలు, అదనంగా వేసుకునే ఒక గది. ఇలాంటి పనికి కూడా పెద్ద కాంట్రాక్టర్లు పోటీకి వస్తారు. నేను చేరిన కొత్తలో అంగలకుదురులో ఒకాయన ప్రహరీ కట్టించాలనుకున్నారు. మాకంటే ముందు కారులో వచ్చినాయన ఫోన్లో రంగురంగుల గోడల బొమ్మలు చూపించి, నెలరోజుల్లో మొదలెడతామని చెప్పి వెళ్ళాడు. మేస్త్రి గారు బొమ్మలేమీ చూపించలేదు. మంచినీళ్ళు అడిగి తాగారు. పాత గోడ మీద అరచెయ్యి పెట్టి, పిల్లల నుదురు పట్టుకుని జ్వరం చూసినట్టు, కాసేపు అలాగే ఉంచారు. తర్వాత ప్రశ్నలు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయా? ఇసక లారీ ఈ సందులోకి తిరుగుతుందా? పక్కింటివాళ్ళతో హద్దు గొడవేమైనా ఉందా? అమ్మగారికి ఇష్టమేనా? అన్నిటికీ జవాబులు విన్నాక, "ఎల్లుండి బుధవారం పొద్దున ఏడింటికి మా మనుషులు దిగుతారండి" అన్నారు. పని మాకే వచ్చింది.

తిరిగి వస్తూ దారిలో అడిగాను, అంత పెద్దాయన్ని కాదని మనకెందుకిచ్చారని.

"ఆయనకున్న ఇరవై పనుల్లో ఇది ఆఖరిది. మనకి ఇదొక్కటే పని. ఇంటాయనకి కావలసింది బొమ్మలు కాదబ్బాయ్. ఎప్పుడొస్తావో చెప్పే మనిషి."

అంత తొందరగా ఎలా రాగలిగేవారో నాకు మెల్లమెల్లగా అర్థమైంది. ఆయన పనికీ పనికీ మధ్య రెండు రోజులు ఖాళీ ఉంచుకునేవారు. చూసేవాళ్ళకి అది బద్ధకంలా ఉండేది. నాకూ అలాగే ఉండేది. పని చేతిలో పెట్టుకుని రెండు రోజులు అరుగు మీద కూర్చోవడమేంటని విసుక్కునేవాణ్ణి. కానీ కొత్తవాళ్ళకి "ఎల్లుండి వస్తా" అని చెప్పగలిగే ధైర్యం ఆ రెండు ఖాళీ రోజుల్లోంచే వచ్చేది. ఊళ్ళో మిగతావాళ్ళంతా ఊపిరాడని పనుల్లో ఉండి నెల తర్వాత అంటుంటే, ఖాళీగా కూర్చున్న ఈయన పని పట్టుకొచ్చేవారు.

ఇక మంచిరోజుల సంగతి. మనవాళ్ళు మూఢమనీ, శూన్యమాసమనీ, మంగళవారమనీ ఆగుతారు కదా. ఆయన ఎవరి నమ్మకాన్నీ కాదనేవారు కాదు. "మొదలెట్టడం మంచిరోజునే మొదలెడదామండి. శుభ్రం చెయ్యడానికి ముహూర్తం దేనికి?" అనేవారు. ఆ వంకతో ముళ్ళకంపలు కొట్టించి, ఇటుక దింపించి, ఇసక జల్లించి పెట్టేవారు. మిగతా కాంట్రాక్టర్లు ముహూర్తం దాటాక మనుషుల కోసం వెతుక్కుంటుంటే, ముహూర్తం నాటికి మా పని సగం దూరం వచ్చి ఉండేది. పెద్ద మాయలోడివి బాబాయ్ అంటే నవ్వేవారు కాదు. "మాయ కాదు. చీపురు" అనేవారు.

ఇప్పుడు తువ్వాలు సంగతి. మన బస్టాండుల్లో చూస్తుంటారు. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి సీట్లోకి తువ్వాలు విసిరేస్తాం. ఇక ఆ సీటు మనది. కాంట్రాక్టర్లలోనూ ఆ పద్ధతి ఉంది. తేదీ చెప్పిన రోజున ఒకణ్ణి పంపి, గోడలో నాలుగు ఇటుకలు ఊడబీకించి వచ్చేస్తారు. పని మొదలైంది కాబట్టి ఇంటివాళ్ళు ఇంకొకరిని పిలవలేరు. తర్వాత వారమో, రెండు వారాలో ఫోన్ చేస్తే "దారిలో ఉన్నామండి" అంటారు. మేస్త్రి గారు దాన్ని తువ్వాలు వేయడం అనేవారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చేదు తిన్నట్టు అయ్యేది. ఆయన జీవితంలో ఎప్పుడూ తువ్వాలు వేయలేదు. నేను ఒక్కసారి వేశాను.

బాపట్లలో. ఒకావిడ ఇంట్లోనే టిఫిన్లు వేసి అమ్ముకునేది. వంటింటి పెంకులు తీయించి రేకులు వేయించుకోవాలనుకుంది. పోటీకి ఇంకొకడు వచ్చాడని, నాకున్న పనులు చూసుకోకుండా సోమవారం వస్తానన్నాను. అప్పటికి కొల్లిపరలో చేతినిండా పని ఉంది. అయినా సోమవారం ఒక మనిషిని తీసుకుని వెళ్ళి, సగం పెంకులు దింపించి వచ్చేశాను. మనసులో సంబరం కూడా పడ్డాను. మంగళవారం వెళ్ళలేదు, బుధవారం వెళ్ళలేదు. గురువారం వాన పడింది. ఆవిడ పొయ్యిలో నీళ్ళు నిలిచాయి. అయిదు రోజులు ఆ ఇంట్లో టిఫిన్ లేదు.

ఆవిడ ఫోన్ మేస్త్రి గారికి వెళ్ళింది. ఆయన నాతో ఒక్క మాట కూడా అనకుండా రైలెక్కి వెళ్ళి, టార్పాలిన్ కట్టి, ఉన్న ఇద్దరు మనుషులతోనే రేకులు వేయించారు. రెండో రోజు నేను వెళ్ళేసరికి ఆవిడ ఆయన్ని నానా మాటలూ అంటోంది. తలవంచుకుని వింటున్నారు. "తప్పు నాదేనమ్మా. తేదీ నేను చూసుకోవలసింది" అంటున్నారు. నేను పక్కనే ఉన్నాను. తిరుగు రైల్లో చీరాల నుంచి వస్తున్నవాళ్ళ మధ్య ఇరుక్కుని నిలబడి ఉన్నాం. అప్పుడన్నారు.

"తువ్వాలు వేసొచ్చావ్. అది బస్సులో సీటు కాదురా. ఆవిడ వంటిల్లు."

తర్వాత కొన్నేళ్ళకి, ఇక నీ పనులు నువ్వు చూసుకోమని ఆయనే నన్ను విడిగా పంపించారు. నేను ఆయన పద్ధతినే పట్టుకున్నాను. చెప్పిన తేదీకి దిగుతాను. దిగితే వదలను. ఇందులో గొప్పేమీ లేదు, నిజం చెప్పాలంటే అలసట ఉంది. రోజుకి పది మంది ఎప్పుడు మొదలెడతారని అడుగుతారు. పనికీ పనికీ మధ్య ఆ రెండు రోజులు ఖాళీ ఉంచడం ఈ రోజుల్లో నా వల్ల కావడం లేదు. నిద్రలో కూడా ఎవరికో తేదీ చెబుతున్నానని మా ఆవిడ అంటుంది.

గురువారం రేపల్లెలో నేను దిగవలసిన ఇల్లు చేపల వ్యాపారం చేసే ఒక అక్కది. ఉప్పుగాలికి ఆవిడ వసారా శ్లాబులో ఇనుము తుప్పు పట్టి పెచ్చులు రాలిపోతున్నాయి. గంప దించుకునే చోటే రాలుతున్నాయి. ఆ శ్లాబు పగలగొట్టి కొత్తది వేయాలి. ముహూర్తం ఎనిమిదిన్నరకి. పగలగొట్టడం మొదలెడితే, కింద సరుగుడు కర్రలు ఆసరాగా నిలబెట్టి, వేలాడే ముక్కలన్నీ దింపేదాకా నేను అక్కడే ఉండాలి. లేకపోతే ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు. కొబ్బరికాయ కొట్టి, ఒక దెబ్బ వేయించి తెనాలిలో బాబాయ్ ఇంటికి పరిగెత్తవచ్చు. కానీ అది తువ్వాలు. ఆయన్ని చివరిసారి చూడ్డానికి ఆయన అసహ్యించుకున్న పనే చేసి వెళ్ళాలి.

వాయిదా వేద్దామంటే కారణం చెప్పాలి. పని మొదలెట్టే పొద్దున, పసుపు కుంకుమలు పెట్టుకుని ఎదురుచూస్తున్న ఇంట్లో చావు కబురు ఎలా చెప్తాం? మన పనుల్లో అలాంటి మాట ఎవరూ ఎత్తరు. నేనూ ఎత్తలేదు.

"ఏంటి తమ్ముడూ, మొహం అలా ఉంది? ఒంట్లో బాలేదా?" అంది అక్క.

"బానే ఉందక్కా. పొద్దున్నే లేచాను గదా."

ఎనిమిదిన్నరకి కాయ కొట్టాను. మొదటి దెబ్బ నేనే వేశాను. తొమ్మిదిన్నర అయింది, పదకొండు అయింది. సగం శ్లాబు ఇనుప చువ్వలకి వేలాడుతూ ఉంది. ఇప్పుడు బయల్దేరితే అందుకుంటాను అని గంటగంటకీ లెక్క వేసుకుంటూనే ఉన్నాను, కదల్లేదు. పన్నెండూ యాభైకి అల్లుడు ఫోన్ చేసి, "బయల్దేరుతున్నాం అన్నా" అన్నాడు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. అక్క చూసింది.

"ఎవరో పోయారు కదా?"

చెప్పాను. ఆవిడ చేతిలో గ్లాసు కింద పెట్టేసింది.

"అదేంటయ్యా, పొద్దున్నే చెబితే ఆపుకునేదాన్ని కదా! ఆర్నెల్ల నుంచి ఈ పెచ్చుల కిందే గంప దించుకుంటున్నా, ఇంకో రోజు ఆగలేనా? చావు కబురుకి భయపడతామా మేం? మా మగాళ్ళు రోజూ సముద్రం మీదకి పోయేవాళ్ళు."

నాకు ఏడుపొచ్చింది. ఆయన తేదీ నిలబెట్టింది ఇంటివాళ్ళ కోసం. నేను నిలబెట్టింది ఎవరి కోసమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అడిగి ఉంటే ఆవిడ సరేననేది. బాబాయ్ ప్రతి ఇంట్లోనూ ముందు అడిగేవారు, నీళ్ళ గురించీ, సందు గురించీ, అమ్మగారి ఇష్టం గురించీ. ఆయన దగ్గర నేను తేదీ ఒక్కటే నేర్చుకుని, అడగడం నేర్చుకోలేదు. చివరిచూపు దక్కలేదు.

శ్లాబు దింపి, వసారా శుభ్రం చేయించి, నాలుగింటికి తెనాలి చేరాను. పిన్ని గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి కాస్త పక్కకి జరిగింది. పక్కన కూర్చున్నాను. ఆవిడ ఒళ్ళో మేస్త్రి గారి ఫోన్ మోగింది. నాకు అందించింది.

"మేస్త్రి గారేనాండీ? నందివెలుగు నుంచండి. సోమవారం వస్తానన్నారు కదా, గుర్తు చేద్దామని. మావారిని ఆ పై వారం ఆస్పత్రి నుంచి తీసుకొస్తున్నామండి, కాలు ఆపరేషనయింది. బాత్రూం పెరట్లో ఉంది, అంత దూరం నడవలేరు."

ఈసారి చెప్పాను. మేస్త్రి గారు ఈ పొద్దున పోయారని, నేను ఆయన దగ్గర పని నేర్చుకున్నవాణ్ణని. "అయ్యో. పర్లేదండి, ఆగుతాం. ఎలాగోలా సర్దుకుంటాం" అంది.

పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది. "సోమవారమే అని చెప్పు" అంది.

సోమవారం పొద్దున నలుగురు మనుషులతో నందివెలుగు వెళ్ళాను. ముందు అన్నీ అడిగాను. తర్వాత ఆవిడ లోపలి గదిలోకి తీసుకెళ్ళి, కొత్త బాత్రూంకి తలుపు పెట్టాల్సిన గోడ చూపించింది. "ఎనిమిది రోజుల కిందట, ఆదివారం, మేస్త్రి గారే వచ్చి గీసి వెళ్ళారండి" అంది. సున్నం మీద పెన్సిల్‌తో తలుపంత గీతలు ఉన్నాయి. ఎక్కడా వంకర లేదు. వాటి మధ్య, వంగి వంగి ఉండే ఆయన అక్షరాలతో, "ఇక్కడ పగలగొట్టాలి. సోమవారం" అని రాసి ఉంది.

సమ్మెట పట్టుకున్న మనిషి నా వైపు చూశాడు, ఎక్కడ మొదలెట్టమంటావని. కింద నుంచి మొదలెట్టమన్నాను. ఆ రాత దగ్గరికి వచ్చేసరికి పదకొండయింది.