కొత్త కోటుకు పసుపు

ఆ రోజుల్ల నాకు తెల్లకోటు తొడుక్కున్నోళ్లంటే దేవుళ్లే. నాకే ఒకటి దొరికిననాడు నేను నేల మీద నడిచిన్నో లేదో ఇప్పటికీ అనుమానమే. మాది మోర్తాడ్ దిక్కు, పసుపు పండించే ఇల్లు. నిజామాబాద్‌ల మందుల చదువు చదివి, అక్కడే మా సార్ దగ్గర పరిశోధనల చేరిన. పనేందంటే జెల్ చేసుడు. నీళ్లల్ల నానిన సబ్జా గింజల తీరు మెత్తగ ఉంటది. దాంట్ల పసుపుల ఉండే మందు నింపి పుండు మీద పెడితే, అంతా ఒక్కసారే కాకుండ కొంచెం కొంచెం వదలాలె. వదులుతుందో లేదో చెప్పాల్సింది హైదరాబాద్‌ల ఉన్న మాస్ స్పెక్ట్రోమీటర్. అణువుల బరువు తూసి, ఇది ఫలానాది అని పట్టిచ్చే మిషిన్. గంజ్ మార్కెట్ల పసుపు సంచులు తూసే కాంటా తప్ప ఇంకోటి ఎరుగనిదాన్ని, ఆ మాట ఇన్ననాడు తెరిచిన నోరు మళ్ల మూయలే.

ఆ మిషిన్ మీద మాకు దొరికింది ఒక్కరోజు, అదీ నెలలకొద్ది తిరిగితే. "బేటా, ఈ ఒక్కరోజు తప్పితే ఈ జెల్ మూలకేసుడే. నువ్వు ఇంకో పని చూసుకోవాలె" అన్నడు సార్. (బోధన్ మనిషి. ప్రేమొస్తే తెలుగు, కోపమొస్తే ఉర్దూ.)

ఆ రోజు పొద్దుగాల హైదరాబాద్‌కు బయలెల్లుతుంటే మా అవ్వ (కన్నతల్లినే, మా దిక్కు గట్లనే పిలుస్తం) కోటు గుంజుకున్నది. "కొత్త బట్టకు పసుపు పెట్టకుండనే తొడుగుతవా? సదువుకున్నవ్ గని అకల్ లేదు!" అనుకుంట చేతి అంచుకు లోపల్నుంచి ఇంత పసుపు రాసింది. నలుగురు నవ్వుతరని బస్టాండ్ల నీళ్ల నల్లా కాడ సబ్బేసి తోమి తోమి కడిగిన. మచ్చ పోయింది. నా తెలివికి నేనే మురిసిన.

అక్కడ ఆ కోటు తొడుక్కొని సీసాలన్ని నేనే నింపిన. మిషిన్‌ల ముందుగాల మందు కలపని జెల్ నానవెట్టిన నీళ్లు పెడ్తరు. దాంట్ల ఏం రావద్దు. పెట్టంగనే తెర మీద గీత గుట్ట లెక్క లేచింది. పసుపు మందే!

"అరె, యే క్యా హై? ఖాళీ జెల్‌ల మందెట్లొచ్చింది?" సార్ మొఖం నల్లగైంది.

మిషిన్ నడిపే మేడమ్ నన్ను కిందికెల్లి మీదికి చూసి, "ఇది బయట నుంచి వచ్చిందే. సీసాలు ఎవరు నింపిండ్రు?" అన్నది. చేతి అంచు దిక్కు చూసుకున్న. తెల్లగ పాల తీరున్నది.

"సార్... మా అవ్వ... కొత్త కోటని..."

సార్ కుర్చీల కూలవడి ఒకటే నవ్వుడు. "మా ఇంటి పక్కోళ్లు గిట్లనే పెడ్తరు బేటా. ముందు ఆ కోటు విడువు."

మేడమ్ ఇచ్చిన కోటు తొడుక్కొని, చేతులు కడుక్కొని, మళ్ల కొత్త సీసాలు నింపిన. ఈసారి ఖాళీ జెల్ గీత నేలకు పండుకున్నది. మందు జెల్‌ది పెడితే, మొదటి గంటకు ఇంత, తర్వాత ఇంకింత, నిమ్మళంగ వదులుకుంట పోయింది. నాకు ఏడుపాగలే. జెల్ గెలిచిందని కొంత, కండ్లకు ఆననిదాన్ని ఆ మిషిన్ చూసిందని ఇంకింత.

ఇంటికొచ్చి చెప్తె అవ్వ, "గంత పెద్ద మిషిన్‌కు నేను పెట్టింది కానొచ్చిందా!" అని మురిసి వాడకట్టంత చెప్పొచ్చింది. (నా జెల్ సంగతి మాత్రం ఒక్కలకు చెప్పలే.)

ఇప్పుడు నేనే పిల్లలకు పాఠం చెప్తున్న. కోట్లు శుభ్రంగ ఉండాలెనని గద్దిస్త కూడా. అవ్వ లేదు. ఆ కోటు బీరువాల ఉన్నది. ఎన్నిసార్లు ఉతికిన్నో, కంటికేం కానరాదు. ఆ మిషిన్‌ల పెడితే మా అవ్వ చెయ్యి ఇప్పటికీ దొరుకుతది కావచ్చు. తీస్కపోయి చూడలే. చూసే పనేముంది, నాకెరుకే గద.