కస్టమర్ నేను, కంపెనీ సునీతది

నిన్న పొద్దున ఉగ్గానికి బొరుగులు నానబెడుతుంటే మా మరిది రఘు ఫోన్ చేశాడు.

"వదినా, సునీత లేదు."

"యాడికి పోయింది?" అన్నాను.

నిజంగానే అలా అడిగాను. ఆమె ఎప్పుడూ ఎక్కడికో ఒకచోటికి పోతూనే ఉండేది కదా.

ఓర్వకల్లులో విమానం దిగి కర్నూలు ఇంటికి వస్తుంటే కారులోనే గుండె ఆగిందట. బొరుగులు నీళ్లలో ముద్దయిపోయాయి.

సునీత రఘు భార్య, నా తోడికోడలు. నాకంటే చిన్నది. అన్నింట్లోనూ నాకంటే ముందు.

పోవడంలో కూడా.

ఆమె అంటే నాకు కుళ్లు. నా పోస్టులు ఎప్పుడూ చదివేవాళ్లందరికీ అది తెలుసు. మనిషి పోయింది కదా అని ఇప్పుడు లేదని రాస్తే, మొదట నవ్వేది ఆమే.

సునీత పుట్టిల్లు కమలాపురం. వాళ్ల నాన్నకు బండలు పాలిష్ చేసే యూనిట్ ఉంది. అక్కడ బండల మధ్య పెరిగిన పిల్ల, పెళ్లయ్యాక ఒక యాప్ తయారు చేసింది. బండను ఫోన్‌తో ఫోటో తీస్తే చాలు, పగులు ఎక్కడుందో, ఎలా కోస్తే ముక్కలు వృథా కావో చెబుతుంది.

"బండలకు ఫోటోలేందే, పెండ్లిచూపులా?" అన్నాను మొదటిసారి విన్నప్పుడు.

"అంతే అక్కా. ఏ బండ ఏ ఇంటికి పోతాదో చూసేదే" అంది.

ఆమెను ఏదన్నా అంటే ఏడవదు. అదీ నాకు కుళ్లే.

మా ఇంట్లో కొత్తదేది మొదలుపెట్టినా నా చేత మొదలుపెట్టిస్తారు. బోరు వేసినా, ఆవకాయ కలిపినా నా చెయ్యి పడాలి. నాది మంచి చెయ్యి అని మా అత్తమ్మ నమ్మకం. నా గొప్ప అంతా అదొక్కటే.

సునీత కూడా అదే పట్టుకుంది. "నీ చేత్తోనే తెరవాలక్కా" అని కంపెనీలో నా చేత భాగస్తురాలిగా సంతకం పెట్టించింది. ప్రతి పేజీ చదివాకే పెట్టాను. కానీ కొత్త పొయ్యికి పసుపు రాసినట్టే అనుకున్నాను. క్లౌడ్ అకౌంట్ కూడా నా పేరు మీదే తెరిచింది. క్లౌడ్ అంటే ఏమీ లేదు, మన యాప్‌ను పెద్ద కంపెనీవాళ్ల కంప్యూటర్ల మీద అద్దెకు నడుపుకోవడం.

ఇంతలో అమెరికాలో మన బండలు కొనే డీలర్లు కూడా ఆ యాప్ వాడటం మొదలుపెట్టారు. ఆ వెనకే నోటీసు వచ్చింది. ఫోటో చూసి కొలత చెప్పే పద్ధతి మీద పేటెంట్ తమదని, యాప్ ఆపకపోతే కోర్టుకు లాగుతామని. ఆ పంపినవాళ్లు యాప్‌లేమీ చేయరట. పేటెంట్లు కొని పెట్టుకుని కేసులు వేయడమే వాళ్ల పని.

కేసు నడపాలంటే కంపెనీ అమ్మినా చాలదు. రఘు అన్నం మానేశాడు.

సునీత మాత్రం, "క్లౌడోళ్లు అండగా ఉంటారక్కా" అంది. వాళ్ల దగ్గర వ్యాపారం నడుపుకునే కస్టమర్ మీద ఎవరైనా పేటెంట్ కేసు వేస్తే, తమ లాయర్లను పెట్టి తామే ఎదురు నిలబడతామని అగ్రిమెంట్‌లో రాసి ఉందట.

నాకు భయం వేయాలి కదా. కడుపు మండింది.

ఇన్నేళ్ల కాపురంలో నన్ను ఎవరైనా ఒక మాట అంటే, "ముందు నాతో మాట్లాడండి" అని ఒక్కరు అడ్డం రాలేదు. ఈమెకేమో మొహం కూడా చూడని కంపెనీ అడ్డం నిలబడుతుందట.

తర్వాత క్లౌడ్ కంపెనీ లాయరమ్మ వీడియో కాల్‌లోకి వచ్చింది. తెలుగావిడే. సునీతను కాదు, నన్ను కెమెరా ముందు కూర్చోమంది.

"అమ్మా, మేం కాపాడేది మా కస్టమర్‌ని. అకౌంట్ ప్రకారం కస్టమర్ మీరు. నోటీసు వచ్చింది సునీత గారి కంపెనీకి. మీ ఇద్దరికీ సంబంధం ఏంటి?"

"తోడికోడళ్లం" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "అంటే వ్యాపారంతో మీకు సంబంధం లేదా?" అని పెన్ను తీసింది.

పక్కనే ఉన్న సునీత బల్ల కింద నా కాలు తొక్కింది. "భాగస్తులం అని చెప్పక్కా" అంది మెల్లగా. ఆ గొంతు వణకడం నేను విన్నది అదొక్కసారే.

బండలకు పెండ్లిచూపులని ఊరంతా చెప్పి నవ్వించిన నోరు నాది. ఆ నోటితోనే చెప్పాలి.

"ఆ కంపెనీ నాది కూడా. ఇద్దరిదీ" అన్నాను.

లాయరమ్మ రాసుకుంది. కాగితాలు అడిగింది, పంపాం. కొన్ని నెలలకు ఆ నోటీసువాళ్లు వెనక్కి తగ్గారు.

కాల్ అయిపోయాక సునీత అంది: "సూడక్కా, ఇప్పుడు నీ ఎనక శానా పెద్ద కంపెనీ ఉండాది. నిన్నెవురూ ఏమనలేరు."

నేను పైకి ఎప్పుడూ అనని మాట ఆమెకెలా తెలిసిందో నాకు తెలియదు.

అత్తమ్మ మాత్రం వీధంతా తిరిగి చిన్నకోడలి తెలివే చెప్పుకుంది. నా మంచి చెయ్యి ఊసే ఎత్తలేదు.

నిన్న సాయంత్రం సునీతను సాగనంపడానికి వచ్చినవాళ్లతో వీధి పట్టలేదు. బండల వ్యాపారులు, కోత మిషన్ల మీద పనిచేసేవాళ్లు, కాలేజీ పిల్లలు. అప్పుడూ కుళ్లుకున్నాను. నాకు ఇందరు రారు.

జనం పలచబడ్డాక ఆఫీసులో పనిచేసే షబానా నా పక్కన కూర్చుంది. "అక్కా, రేపట్నుంచి ఆఫీసు తెరిచేదా, వొద్దా? ఎవుర్ని అడగాలో తెలీడం ల్యా."

అక్కడ రఘు ఉన్నాడు, అత్తమ్మ ఉంది. ఇద్దరూ నా వైపు చూశారు.

"నన్నే అడగాల. తెరువు, నేనూ వస్తా" అన్నాను.

పో సునీతా, నెమ్మదిగా పో. ఈసారైనా పరుగెత్తకు. ఎండ తగలని చోట, ఏ నోటీసూ రాని చోట నీకు హాయిగా ఉండాలి.

నిన్నెవరైనా ఏదైనా అంటే, ముందు నాతో మాట్లాడాలి.