ఉప్పుమళ్ళ నోటీసూ, నా కరపత్రమూ

ఎన్నో తుఫాన్లకు తట్టుకొని నిలబడిన ఒక పట్టపుపాలేన్ని, అంటే జాలర్ల పల్లెను, నేను నాలుగు పేజీల కాగితంతో ముంచేయబోయాను. ఆ పని కూడా మోకాళ్ళూని ప్రార్థన చేసుకొని మరీ చేశాను. దుర్బుద్ధితో చేసి ఉంటే ఎవరో ఒకరు మధ్యలోనే పట్టుకొని ఆపేవారు. భక్తితో చేస్తున్నవాణ్ణి ఎవరు ఆపుతారు చెప్పండి?

అవి అరవైల తొలి రోజులు. మద్రాసులో బి.ఎల్. ముగించుకొని, కావలిలో రాఘవయ్యగారనే ప్లీడరు దగ్గర జూనియరుగా చేరాను. మా నాయన అల్లూరు పక్కన ఒక చిన్న సంఘానికి పాస్టరు. ఓనమాలకంటే ముందు బైబిలు వచనాలు కంఠతా పట్టినవాణ్ణి నేను. ఎవరైనా ఎదురుగా నలుగురు కూర్చుంటే చాలు, నా గొంతు దానంతటదే ప్రసంగం ఎత్తుకునేది. మునసబు కోర్టులో వాయిదా అడగడానికి లేచినా, చందాల కోసం లేచాననుకునేవారట తోటి ప్లీడర్లు.

రాఘవయ్యగారు నాకు పూర్తిగా వ్యతిరేకం. కోర్టులో ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేవారు గానీ, ఇంటి వరండాలో కక్షిదారుతో కూర్చుంటే మాత్రం చట్టాన్ని చంటిబిడ్డకు ఇడ్లీ తుంచిపెట్టినట్టు చిన్న చిన్న ముక్కలుగా తుంచి పెట్టేవారు. వచ్చినవాడు కూర్చునేదాకా తాను కూర్చునేవారు కాదు. న్యాయవాది అంటే ఎట్లా ఉండాలో నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఆ వరండాలో చూసి తెలుసుకున్నాను. తెలుసుకోవడానికి ముందు చేసిన ఘనకార్యమే ఇది.

ఒకరోజు ఆయన తాసీల్దారు కచేరీ నుంచి వస్తూ ఒక కబురు తెచ్చారు. మా అల్లూరు వైపు సముద్రం ఒడ్డున ఉన్న పాలెంలో పెద్ద ఇసుకదిబ్బ ఒకటి ఉంది. అది సర్కారు భూమి. దాన్ని ఉప్పుమళ్ళు వేసుకోవడానికి ఎవరికో కౌలుకు ఇవ్వాలనుకుంటున్నారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు పదిహేను రోజుల్లోగా రాసివ్వాలని నోటీసు అంటించారు. పాలెం వాళ్ళు తాతల కాలం నుంచి ఆ దిబ్బమీదే వలలు ఆరేస్తారు, చేపలు ఎండబెడతారు. సముద్రం పొంగినప్పుడు తెప్పల్ని దానిమీదికే లాక్కుంటారు. అది పోతే వాళ్ళ బతుకే పోయినట్టు. కానీ నోటీసు చదవగలిగిన వాళ్ళు ఆ ఊళ్ళో వేళ్ళమీద లెక్క.

"సామేలూ, నీకు తెలిసిన ఊరే కదా. పోయి నాలుగు మాటలు చెప్పిరా. అందరి చేతా ఒక అర్జీ పెట్టిద్దాం" అన్నారాయన.

నాలుగు మాటలట! మా ఇంట్లో భోజనం ముందు ప్రార్థనే నాలుగు మాటల్లో ముగిసిన పాపాన పోలేదు. అన్నం చల్లారిపోయేది. అంత పెద్ద విషయానికి నాలుగు మాటలేమిటని, ఆ రోజే కరపత్రం రాయడానికి కూర్చున్నాను. గంభీరమైన సంగతి గంభీరమైన తెలుగులో ఉండాలి గదా. నాకు తెలిసిన గంభీరమైన తెలుగు ఒక్కటే. అది చర్చి వేదికమీది తెలుగు.

"పాలెము నివాసులారా, ఆలకించుడి. మీరు వలలారవేసికొను స్థలము మీ యొద్దనుండి తీసివేయబడు దినము సమీపించియున్నది. పదునైదు దినములలోగా వ్రాతమూలముగా మొరపెట్టువాడు తన భాగమును కాపాడుకొనును. ఊరకుండువాడో, వాని వల ఎక్కడ ఆరును? వాని తెప్ప ఎక్కడ నిలుచును?" ఇట్లా మొదలై నాలుగు పేజీలు నడిచింది. తాసీల్దారు కచేరీ అన్న మాట మూడో పేజీలో గానీ రాలేదు. అక్కడ కూడా "అధికారి సన్నిధి" అని రాశాను. రాసి చదువుకుంటే నాకే కళ్ళు చెమర్చాయి. దాన్ని రాఘవయ్యగారికి చూపించాలన్న ఆలోచన మాత్రం రాలేదు. అచ్చయ్యాక చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆశ్చర్యపరిచాను కూడా, ఆ మాటకు లోటు లేదు.

అచ్చు ఎక్కడ వేయించాను? మా నాయన ఇరవై ఏళ్ళుగా సువార్త కరపత్రాలు వేయించే ప్రెస్సులోనే. ప్రెస్సాయన అలవాటు కొద్దీ అదే పసుపుపచ్చ కాగితం తీశాడు, అదే ఖర్జూర మట్టల అంచు పెట్టాడు, పైన అదే దీపం బొమ్మ వేశాడు. చూసి నేనెంతో ముచ్చటపడ్డాను.

తెప్పలు ఒడ్డుకు చేరే వేళకు సైకిలుమీద పాలెం చేరుకున్నాను. గంట కొట్టగానే జనం మూగారు. ప్రతి డిసెంబరులో మా నాయన వెంట ఇట్లాగే గంట కొట్టుకుంటూ వచ్చేవాణ్ణి కాబట్టి ఊరంతా నన్నెరుగుదురు. వాళ్ళు గంగమ్మను కొలిచేవాళ్ళే అయినా, ఏ దేవుడి కాగితాన్నీ చిన్నచూపు చూసేవాళ్ళు కారు. నా కరపత్రాన్ని రెండు చేతులా అందుకొని, కళ్ళకద్దుకొని, జాగ్రత్తగా తీసుకుపోయారు. చట్టం పట్ల ఇంత గౌరవమా అని నాకు గుండె ఉప్పొంగింది. ఊరి కాపు, అంటే వాళ్ళ కులపెద్ద, తన అల్లుడి చేత మొదటి పేజీ చదివించుకొని తల పంకించాడు. "మీ నాయన కూడా ఇదే అంటా ఉండాడు నాయనా, దినం దగ్గరపడిందని. నా పెళ్ళి కాక ముందునించీ దగ్గరపడతానే ఉంది" అన్నాడు ప్రేమగా.

పాఠకులారా, ఆ మాట వినికూడా నాకు వెలగలేదు. వినయంగా నవ్వి సైకిలెక్కాను.

రాఘవయ్యగారు ఏమైందని అడిగితే, ఊరు ఊరంతా కళ్ళకద్దుకున్నారని చెప్పాను. ఆయన కాస్త వింతగా చూసి, వేలిముద్రలు ఎన్ని పడ్డాయని అడిగారు. వాళ్ళే తరలివస్తారండీ అన్నాను. రోజులు గడిచాయి. వరండాలో బల్ల తుడిచి పెట్టుకొని, సిరాపెట్టె తెరిచి పెట్టుకొని, పెళ్ళివారి కోసం ఎదురుచూసే ఆడపెళ్ళివాడిలా కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు. ఆయన రెండోసారి అడిగితే, వాక్యం లోపల పనిచేస్తూ ఉంటుందండీ అన్నాను. అప్పుడే ఆయనకు అనుమానం వచ్చి ఉండాలి.

పదమూడో రోజు ఉదయం పోలమ్మ వచ్చింది. ఆ పాలెం నుంచి కావలికి చేపలు తెచ్చి అమ్మే పెద్దావిడ. గంప దించి, రాఘవయ్యగారి భార్యకు వంజరాలు ఇచ్చి, నేరుగా వరండాలోకి నా దగ్గరికొచ్చింది.

"చిన్నయ్యగారూ, నీ కాగితం ఇంకోటి ఉంటే ఇయ్యి నాయనా."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకని అడిగాను.

"నా మనమరాలికి జొరమొస్తే తలకింద పెట్టినాం. తెల్లారేసరికి తగ్గిపోయింది. ఇప్పుడు కోడలికి నడుంనొప్పి. దానికేమో ఒక్క కాగితం చాలదు, ఇంకోటి గూడా కావాల."

లోపల కాగితాలు చూసుకుంటున్న రాఘవయ్యగారు మెల్లగా బయటికొచ్చారు. "ఏ కాగితం పోలమ్మా?"

ఆమె కొంగు ముడి విప్పి ఇచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకొని మొదటి పేజీ చదివారు. రెండోది చదివారు. మూడో పేజీలో "అధికారి సన్నిధి" దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకొని, మళ్ళీ చదివారు. నేను గోడకు వేసిన సున్నంలో కలిసిపోవడానికి ప్రయత్నిస్తున్నాను.

"ఇందులో ఏముందని చెప్పారు మీ ఊళ్ళో?"

"ఏముంటాది సామీ? పదైదు దినాల్లో వాళ్ళ దేవుడొస్తాడంట. ఊరకుండకుండా మొక్కుకోవాలంట. అందరం మొక్కుకున్నాం."

నన్ను తిట్టడానికి కావలసినంత కాలం ఉందనీ, దిబ్బకు రెండు రోజులే ఉందనీ ఆయనకు తెలుసు. పోలమ్మను కూర్చోబెట్టి, తాను ఎదురుగా కూర్చొని చెప్పారు: "మీ దిబ్బను ఉప్పుమళ్ళకు ఇచ్చేస్తారంట. ఎల్లుండి లోపల వద్దని రాసిస్తే, సర్కారు మీ మాట వినాలి. వినక తప్పదు. అది మీ హక్కు."

అంతే. నాలుగు మాటలు.

పోలమ్మ నావైపు తిరిగింది. "ఈ మాట చెప్పేదానికి గంట కొట్టుకుంటా వచ్చినావా నాయనా? నోరు యాడ పెట్టుకున్నావు?"

ఆమె మిగతా చేపలు అమ్మను కూడా లేదు. గంప ఆ వరండాలోనే వదిలేసి బస్సెక్కింది. మధ్యాహ్నానికి కాపు చేత దురాయి వేయించింది. దురాయి అంటే పాలెంలో పెద్దల కట్టడి. అది పడితే ఎంత మొనగాడైనా దాటడు. మర్నాడు ఒక్క తెప్ప సముద్రంలోకి పోకూడదనీ, ఇంటికొకరు కావలికి రావాలనీ కట్టడి. నా నాలుగు పేజీలు చేయలేని పనిని ఆ ముసలమ్మ ఒక పూటలో చేసింది.

పొద్దున్నే వరండా నిండిపోయింది. అర్జీ రాయడానికి నేను కలం పట్టుకొని "మహా ఘనత వహించిన" అని మొదలుపెట్టేసరికి, రాఘవయ్యగారు నా చెయ్యి పట్టుకొని, "పోలమ్మ చెప్పింది చెప్పినట్టు రాయి" అన్నారు. రాశాను. "మేము వలలు ఆరేసేది ఆడనే. సముద్రం పొంగితే తెప్పలు ఎక్కించేది ఆడనే. దిబ్బ తీసేసుకుంటే తెప్పలు నెత్తిన పెట్టుకోవాల్నా?" ఇంత బలమైన వాదం నేను పెద్ద పెద్ద తీర్పుల్లో కూడా చదవలేదు. కింద అరపేజీ వేలిముద్రలు. పద్నాలుగో రోజు అర్జీ కచేరీకి చేరింది.

నెల తిరక్కుండా తాసీల్దారు స్వయంగా దిబ్బ చూడటానికొచ్చారు. ఊరంతా నిలబడింది. నేనూ రాఘవయ్యగారి పక్కన నిలబడ్డాను, నోరు మూసుకొని. పోలమ్మ ఆయన్ను ఆరేసిన వలల మధ్యనుంచి నడిపించి, నిరుడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూపించింది. సంతకం పెట్టలేని మనిషి అడుగుతుంటే అధికారి నిలబడి వింటున్నాడు. రాజ్యాంగం చదువుకున్నప్పుడు కలగని గౌరవం, ఆ ఇసుకలో నిలబడి చూస్తుంటే నాకు ఒళ్ళంతా కలిగింది. చివరికి ఆయన గుమాస్తా చేతిలోంచి కాగితం తీసుకొని, "మీ అభ్యంతరం న్యాయమైందే. ఈ దిబ్బను కౌలుకు ఇవ్వడం లేదు" అన్నారు.

నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. కళ్ళు మూతపడ్డాయి. "ఆమెన్" అన్నాను, సంఘంలో అన్నట్టు, గట్టిగా.

ప్లీడరు అన్నాడంటే అది చట్టంలో ఉండే మాటే అయివుంటుందనుకున్నారు పాలెం వాళ్ళు. అది అనకపోతే దిబ్బ ఎక్కడ చేజారుతుందోనని కాపు చేతులు జోడించాడు. పోలమ్మ జోడించింది. ఊరంతా ఒక్క గొంతుతో, "ఆమెన్" అంది.

తాసీల్దారు కలం పట్టుకొని అట్లాగే ఆగిపోయి, "ఇది కూడా రికార్డులో రాయాల్నా ప్లీడరుగారూ?" అని అడిగారు.

రాఘవయ్యగారు ముఖం ఏమాత్రం మారకుండా, "రాసుకోండి. ఏకగ్రీవం అని" అన్నారు.

ఆ దిబ్బమీదే, సముద్రం సాక్షిగా నేను ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఏ సర్కారు అధికారి ఎదుటా నా నోట ఆ మాట పైకి రాదు గాక రాదు. ఇన్నేళ్ళలో తప్పలేదు. తీర్పు మనవైపు వచ్చినప్పుడల్లా లోపలే అనుకుంటాను. ఒక్కోసారి పెదవులు కదులుతాయేమో, జడ్జీగార్లు దయచేసి చూడనట్టు ఊరుకుంటారు.